నలభై మూడు అభిప్రాయాలు

పోయిన వారం ఉత్తరాలక్కను మీటింగు గది తలుపు ముందు, చంకలో అట్ట ఫైలుతో నిలబెట్టి ఆగాం. ఆమె అక్కడిదాకా ఎందుకు వచ్చిందో ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళకు రెండు ముక్కల్లో చెప్పి, ఆమె వెనకే లోపలికి వెళ్దాం.

ఆ టీవీ స్టూడియోలో మెట్ల కింద గది ఆమెది. ‘ఉప్పునీటి పిల్లలు’ సీరియల్ గురించి ప్రేక్షకులు రాసే ప్రతి అక్షరం ఆ గదికే చేరుతుంది. పోస్టులో వచ్చే ఉత్తరాలు, ఛానల్ వెబ్‌సైటులో అభిప్రాయాల పేజీలో రాసేవి, పిల్లలు బొమ్మలు గీసి పంపేవి, అన్నీ. ఎనిమిదేళ్ళుగా ఆమె వాటిని చదువుతోంది కాబట్టి అసలు పేరు అందరూ మరిచిపోయి ఉత్తరాలక్క అనే పిలుస్తున్నారు. ఉద్యోగం ఇప్పించింది వదిన. ఆ వదిన పై అంతస్తులో సీరియల్‌కి తోకలు కుడుతుంది. ఆమెకేమో తోకలత్త అని పేరు పడిపోయింది.

సీరియల్ కథ మూడు ముక్కల్లో చెప్పొచ్చు. ముగ్గురు అక్కచెల్లెళ్ళు బడికి వెళ్ళే మామూలు పిల్లలు. ఒంటి మీద ఉప్పునీటి చుక్క పడితే చాలు, కాళ్ళు పోయి చేపతోక వస్తుంది. చెమటా ఉప్పునీరే, కన్నీళ్ళూ ఉప్పునీళ్ళే, అందుకని వాళ్ళు పరుగెత్తకూడదు, ఏడవకూడదు. ముగ్గురిలో రెండోది గవ్వ. తోక వచ్చినప్పుడు మిగతా ఇద్దరూ దాక్కోవడానికి చోటు వెతుకుతారు, గవ్వ మాత్రం ముందు నవ్వుతుంది. ఆ వేషం వేసే పదహారేళ్ళ పిల్లను కూడా స్టూడియోలో అందరూ గవ్వ అనే పిలుస్తారు.

ఈ ఏడాది ఆ పిల్ల కొంచెం ఒళ్ళు చేసింది. అభిప్రాయాల పేజీలో నలభై మూడు మంది అది తప్పన్నట్టు రాశారు. ప్రోగ్రామ్ హెడ్‌కి అదే కావలసింది. కొత్త పోస్టరుకి సన్నటి అమ్మాయిని అప్పటికే చూసిపెట్టుకున్నాడు. కాకపోతే ఆ ఛానల్లో ఒక నియమం ఉంది. ముఖ్యపాత్ర వేసేవాళ్ళను మార్చాలంటే ప్రేక్షకుల గది నుంచి నివేదిక రావాలి, దాని కింద సంతకం ఉండాలి. ఆ సంతకం ఉత్తరాలక్కది.

ఆమె తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

పొడవాటి బల్ల చుట్టూ ఎనిమిది మంది ఉన్నారు. చివర్న ప్రోగ్రామ్ హెడ్. పక్కన డైరెక్టరు, ఎప్పటిలాగే టోపీ తీయకుండా. ఏసీ చల్లదనానికి ఆమె చేతులు బిగుసుకున్నాయి. కూర్చోమని ఎవరూ అనలేదు. ఆమే కుర్చీ లాక్కుని కూర్చుంది.

“సంతకం అయిందా?” అన్నాడు ప్రోగ్రామ్ హెడ్, తల ఎత్తకుండానే.

“కాలేదండి.”

“ఏం, పెన్ను లేదా?”

ఇద్దరు ముగ్గురు నవ్వారు.

“పెన్ను ఉందండి. చెయ్యే రావడం లేదు.”

ఈసారి అతను తల ఎత్తాడు. ఆమె ఫైలు విప్పి, అతను పంపించిన కాగితాన్ని బల్ల మీద అతని వైపు తిప్పి పెట్టింది. “‘గవ్వ పాత్రధారిణిని మార్చాలని అధిక సంఖ్యాకులైన ప్రేక్షకులు కోరుతున్నారు.’ ఈ వాక్యం నేను రాయలేదండి.”

“నేను రాయించాను. మీరు కింద సంతకం పెడితే సరిపోతుంది.”

“అధిక సంఖ్యాకులంటే ఎంతమందండి?”

“నలభై మూడు. మీరే కదా ప్రింటు తీసి పంపించారు.”

“నలభై మూడు పంపించాను. వాటి వెనకాల ఇంత మందాన ఇంకో కట్ట కూడా పంపించాను. అది విప్పారా?”

ప్రోగ్రామ్ హెడ్ కుర్చీలో వెనక్కి వాలాడు. “చూడమ్మా, మెచ్చుకునేవాళ్ళు ఎప్పుడూ మెచ్చుకుంటూనే ఉంటారు. తిట్టేవాళ్ళ మాట వింటేనే సీరియల్ బాగుపడుతుంది. అది మీకు అర్థం కాదు.”

“తిట్లు చదవడం నాకు కొత్త కాదండి. ఎనిమిదేళ్ళుగా అదే పని.” ఆమె కట్ట విప్పింది. “ఒక రిటైరైన సైన్సు మాస్టారు ప్రతివారం తిడతాడు. తోక నాలుగు క్షణాల్లో ఎలా ఆరిపోతుందో లెక్కతో సహా చూపించమంటాడు. ఒక అమ్మమ్మ, ఈ పిల్లలు ఎప్పుడు చూసినా నీళ్ళలోనే ఉంటారు, చదువుకునేది ఎప్పుడూ అని మండిపడుతుంది. సముద్రం రాణి పాత్రధారి మాట్లాడుతుంటే నిద్ర వస్తోందని అరవై మంది రాశారు. ఆవిణ్ణి తీసేశారా? తీయలేదు. ఆవిడ మీ తోడల్లుడి చెల్లెలు.”

బల్ల దగ్గర ఎవరో దగ్గారు. డైరెక్టరు టోపీ కొంచెం కిందికి లాక్కున్నాడు.

“మీరు హద్దు దాటుతున్నారు,” అన్నాడు ప్రోగ్రామ్ హెడ్.

“ఇంకా దాటలేదండి. ఇది కూడా వినండి.” ఒక కాగితం పైకి తీసింది. “‘మా అమ్మాయి లావుగా ఉంటుందని బడిలో ఈతకు వెళ్ళేది కాదు. గవ్వను చూశాక తనే వెళ్ళి పేరిచ్చింది. నిన్న మొదటిసారి కొలను ఈ చివరి నుంచి ఆ చివరికి ఈదింది.’ ఒక లారీ డ్రైవరు రాశాడు. ఇంకొకటి. ఒక నర్సు. ‘మా వార్డులో పిల్లలు గవ్వ వచ్చే టైముకి సూది పొడిపించుకోవడానికి మారాం చెయ్యరు. ఆ టైముకే సూదులన్నీ పెట్టుకుంటున్నాను.’ ఇలాంటివి పదకొండు వందలున్నాయి. అధిక సంఖ్యాకులంటే వీళ్ళా, వాళ్ళా?”

ప్రోగ్రామ్ హెడ్ నెమ్మదిగా, చిన్నపిల్లకు పాఠం చెప్పినట్టు అన్నాడు. “నలభై మూడు మంది ఒకే మాట అంటున్నారంటే దాంట్లో ఏదో ఉంది.”

“ఉందండి. అదే చెప్పడానికి వచ్చాను.”

ఆమె నలభై మూడు కాగితాలనూ పేకముక్కలు పరిచినట్టు బల్ల మీద పరిచింది. ప్రతి కాగితంలోనూ ఒక మాట కింద ఎర్ర గీత ఉంది.

“నప్పడం లేదు అని రాయాలి కదండీ? ఈ వేషం ఆ అమ్మాయికి నప్పడం లేదు అని. ఇక్కడ చూడండి, ‘నొప్పడం లేదు’ అని ఉంది. ఇక్కడ ‘తోక నొప్పలేదు’. ఇక్కడ ‘ఎవరికైనా నొప్పుతుంది గానీ ఈమెకు నొప్పదు’. పేర్లు వేరు, ఊళ్ళు వేరు, రోజులు వేరు. తప్పు మాత్రం ఒకటే. నలభై రెండింటిలో అదే తప్పు. నలభై రెండు మంది వేరువేరు మనుషులు ఒకే మాటను ఒకేలా తప్పు రాయరండీ. ఇదంతా ఒక్క మనిషి పని.”

డైరెక్టరు వంగి ఒక కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఇంకొకటి తీసుకున్నాడు.

“నలభై రెండన్నారు. ఇంకొకటి ఉందిగా,” అన్నాడు ప్రోగ్రామ్ హెడ్.

“ఉంది. అన్నిటికన్నా ముందు వచ్చింది. దాంట్లో ఆ తప్పు లేదు. అది ఒక్కటీ నిజమైన అభిప్రాయమే అనుకుందాం. ఒక్కరి మాట మీద ఆ పిల్లను తీసేస్తారా?”

అతని ముఖం ఎర్రబడింది. “ఎవరు రాశారో చెప్పగలరా మీరు? ఊరికే గాలిలో మాటలు చెప్పడం కాదు.”

ఆ క్షణంలో ఆమె ఆగి ఉండాల్సింది. తరువాత చాలాసార్లు అనుకుంది, అక్కడ ఆగి ఉంటే బాగుండేదని. కానీ బల్ల చుట్టూ ఉన్న ఎనిమిది ముఖాల్లో ఒక్కటి కూడా ఆ పిల్ల వైపు లేదని తోచేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

“చెప్తాను. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి ఇదే గదికి తీసుకొచ్చి మీ ముందు నిలబెడతాను.”

“నిలబెట్టలేకపోతే?”

“మీ కాగితం మీద సంతకం పెడతాను. దాని కిందే నా రాజీనామా రాసి వెళ్ళిపోతాను.”

అప్పుడు గురువారం. టైము పదకొండు.

వార్త ఆమె మెట్లు దిగేలోపే స్టూడియో అంతా పాకింది. మధ్యాహ్నం టీ దగ్గర వదిన కలిసింది. మెడ చుట్టూ కొలతల టేపు, బొటనవేలికి తొడుగు, చీర మీద అక్కడక్కడా అంటుకున్న వెండి పొలుసులు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఆమె అన్నయ్యకు మాటలు తక్కువ కాబట్టి ఆ ఇంట్లో మాట్లాడుకునేది వదినా మరదళ్ళే.

“ఎందుకే నీకీ తంటా?” అంది వదిన. “సంతకం పెట్టి నీ పని నువ్వు చూసుకోక.”

ఉత్తరాలక్క గ్లాసు కింద పెట్టేసింది. “నువ్వేనా ఈ మాట అనేది? ఆ పిల్లకు ఇన్నేళ్ళుగా తోకలు కుడుతున్న చేతులు నీవి.”

“అందుకే అంటున్నా.”

“పొట్టకు ఇంత దూది కట్టుకుని రాణి వేషం వేసేవాళ్ళను ఎవరూ ఏమీ అనరు. పదహారేళ్ళ పిల్ల నడుం చూసి అందరూ న్యాయం చెప్పేస్తున్నారు. నేను ఊరుకోను వదినా. ఉద్యోగం పోతే పోనీ.”

వదిన ఇంకేదో అనబోయింది. చీర మీద పొలుసొకటి గోటితో గీరి తీసి, దాని వైపే చూస్తూ, “సరే. నీ ఇష్టం,” అని పైకి వెళ్ళిపోయింది.

శుక్రవారమంతా ఆమె అభిప్రాయాల పేజీ ముందేసుకుని కూర్చుంది. ఆ నలభై రెండూ ఎప్పుడు వచ్చాయో రాసుకుంది. అన్నీ షూటింగు లేని గంటల్లోనే వచ్చాయి. అయితే రాసింది లోపలి మనిషే. మేకప్ గదిలో ఎవరైనానా? కొత్త పిల్ల తాలూకు మనుషులా? ప్రోగ్రామ్ హెడ్ మనిషేనా? అది రుజువైతే అంతకంటే కావలసింది లేదు. ఎంత తిరగేసినా ఎవరి పేరూ బయటికి రాలేదు.

శనివారం పొద్దున మామూలు పని మొదలుపెట్టింది. బొమ్మలు పంపిన పిల్లలకు నటీనటులు సొంత చేత్తో రెండు లైన్లు రాసిన కార్డులు జవాబుగా వెళ్తాయి. ఆ వారం గవ్వ రాసిన కార్డులు పదిహేను ఉన్నాయి. చిరునామాలు సరిచూస్తూ ఒక్కొక్కటీ పెట్టెలో వేస్తోంది. తొమ్మిదో కార్డు ఒక ఆరేళ్ళ పాపకి. ఆ పాప గవ్వకు నీలం గౌను వేసి బొమ్మ గీసింది. గవ్వ గుండ్రటి అక్షరాలతో జవాబు రాసింది.

‘నువ్వు గీసిన నీలం గౌను నాకు భలే నొప్పింది.’

ఉత్తరాలక్క చదివిందే మళ్ళీ చదివింది. గ్లాసులో నీళ్ళు తాగింది. ఆ తరువాత కార్డు ఫైల్లో పెట్టుకుని, గది తాళం వేసి, షూటింగు తొట్టి వైపు నడిచింది.

భోజనాల వేళ కావడంతో తొట్టి దగ్గర ఎవరూ లేరు. లైట్లు ఆపేశారు. నీళ్ళ మీద థర్మకోల్ రాళ్ళు రెండు తేలుతున్నాయి. గవ్వ గట్టు మీద కూర్చుని, తోక విప్పి పక్కన పడేసి, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది. పైన తువ్వాలు కప్పుకుంది. తువ్వాలు జారినచోట, నడుం మీద హుక్కులు ఒత్తుకున్న గీతలు ఎర్రగా కనిపిస్తున్నాయి.

ఉత్తరాలక్క పక్కనే కూర్చుని కార్డు చేతికిచ్చింది.

“ఇందులో ఒక తప్పుంది చూడు.”

గవ్వ చదువుకుంది. “ఏం తప్పక్కా?”

“నప్పింది అని రాయాలి. నొప్పింది అని రాశావు.”

“రెండూ ఒకటి కాదా?” అంది ఆ పిల్ల మామూలుగానే. ఆ వెంటనే ఆమెకు తట్టింది. మీటింగులో ఏం జరిగిందో అందరితో పాటు తనూ వింది. కార్డు బోర్లా తిప్పి ఒళ్ళో పెట్టుకుంది.

“బడికి సరిగ్గా వెళ్ళలేదుగా నేను,” అంది గవ్వ. “వినడమే గానీ రాయడం రాదు.”

“ఎందుకు రాశావమ్మా అలా? నిన్ను నువ్వే?”

“మొదటిది వచ్చిన రోజు డైరెక్టరు సారు దాన్ని సెట్లో అందరికీ చదివి వినిపించారు. అందరూ నవ్వారు. ఎవరో పనిలేనివాళ్ళు రాసుంటారులే అని నా భుజం తట్టారు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి రోజూ పేజీ తెరిచి చూసేదాన్ని, ఇంకెవరు రాశారా అని. ఎవరూ రాయలేదు. రాయకపోతే ఇంకా భయం వేసేది. అందరూ లోపల అనుకుంటున్నారు, బయటికి అనడం లేదు, అంతే అనిపించేది.” ఆ పిల్ల నీళ్ళలో కాళ్ళు ఆపేసింది. “నేనే రాసి పెట్టా. కింద ఎవరైనా కాదంటారేమో చూద్దామని.”

“అన్నారా?”

“అన్నారు. ఆ నర్సు ఉందే, నీకు కళ్ళున్నాయా, ఆ పిల్లలో ఏం తక్కువైంది అని ఏకిపడేసింది. ఆ తిట్లు ఎంత బాగున్నాయో తెలుసా అక్కా. నాకోసం ఎవరో ఎవరినో తిడుతున్నారు. పది రోజులు అవే చదువుకుంటూ పడుకున్నా. మళ్ళీ భయం వేసేది. మళ్ళీ రాసేదాన్ని, మళ్ళీ తిట్టించుకునేదాన్ని. ఇలా కాగితం మీదికెక్కి నా మెడకే చుట్టుకుంటుందని అనుకోలేదు.”

ఉత్తరాలక్క ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. చల్లగా, తడిగా ఉంది.

“నేను ఎవరికీ చెప్పను. సోమవారం సంతకం పెట్టను, నీ పేరూ చెప్పను. రాజీనామా ఇచ్చేసి వెళ్ళిపోతాను. ఇంకోచోట ఇంకేదో పని దొరుకుతుంది.”

“ఎందుకు వెళ్ళాలి మీరు?” గవ్వ ఆమె చెయ్యి తీసేసి ఇటు తిరిగింది. కళ్ళలో నీళ్ళు ఉన్నాయి గానీ గొంతు వణకలేదు. “నన్ను నేను తిట్టుకుంటే మీ ఉద్యోగం ఎందుకు పోవాలి? సోమవారం నేనే వస్తా. అవన్నీ రాసింది నేనేనని చెప్తా. అప్పుడు వాళ్ళ చేతిలో ఏం మిగులుతుంది? ఏ ప్రేక్షకుడు నన్ను వద్దన్నాడో చూపించమంటా.”

“అందరూ నవ్వుతారమ్మా.”

“ఇప్పుడూ నవ్వుతున్నారుగా. ఆ నవ్వేదేదో నా ఎదురుగా నవ్వమనండి. నవ్వడం అయ్యాక తోక ఇవ్వమంటా, పనుంది కాబట్టి.”

ఉత్తరాలక్కకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఈ పిల్లను కాపాడదామని బయలుదేరింది తను. ఇప్పుడు ఎవరు ఎవరిని నిలబెడుతున్నారో తెలియడం లేదు.

“ఒకటి మాత్రం మిగిలిపోతుందక్కా,” అంది గవ్వ గొంతు తగ్గించి. “మొదటిది. అది నాది కాదు. మీ దగ్గరుందా?”

ఉత్తరాలక్క ఫైలు వెతికి తీసింది. నిన్నటిదాకా అది ఒక్కటే నిజమైన అభిప్రాయం అనుకుని దాన్ని పక్కన పెట్టేసింది. ఇప్పుడు ఇద్దరూ తలలు ఆనించి చదివారు. మూడే లైన్లు ఉన్నాయి.

‘గవ్వ వేషం వేసే అమ్మాయికి తోక పట్టడం లేదు. నడుం దగ్గర రెండంగుళాలు వదిలినా పట్టలేదు. ఇకనైనా ఆ పిల్లను వదిలెయ్యండి.’

“రెండంగుళాలు వదిలిన సంగతి టీవీలో కనపడదక్కా,” అంది గవ్వ. “పైన పొలుసులు కుట్టేశారు. ఇది వచ్చేదాకా సెట్లో ఎవరికీ తెలియదు. డైరెక్టరు సారుకి కూడా తెలియదు. ఆ రోజు కొలతల గదిలో ఉన్నది ఇద్దరమే.”

“ఎవరెవరు?”

గవ్వ నీళ్ళలోంచి కాళ్ళు తీసి, తువ్వాలుతో తుడుచుకుని, ఆ తువ్వాలు మడత పెట్టింది. “నేనూ, మీ వదినా.”

ఉత్తరాలక్క కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. మూడు అంతస్తులు మెట్లు ఎక్కి, తలుపు తట్టకుండానే కుట్టు గదిలోకి వెళ్ళింది.

గది నిండా తోకలే. కొక్కేలకు తలకిందులుగా వేలాడుతున్నాయి, ఆకుపచ్చవీ, వెండివీ. వాటి మధ్య నేల మీద చాప వేసుకుని వదిన కూర్చుంది. ఒళ్ళో గవ్వకు కుట్టిన ఇంకో తోక పరుచుకుని, నడుం పట్టీ కుట్లు విప్పుతోంది. అడుగుల చప్పుడు విని ఎవరొచ్చారో గుర్తుపట్టింది గానీ తల ఎత్తలేదు.

“వదినా,” అంది ఉత్తరాలక్క. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు. “గవ్వ తోకకు రెండంగుళాలు వదిలిన సంగతి ఎవరితోనైనా అన్నావా?”

వదిన సూదిని చాపకు గుచ్చింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. అప్పుడు ఆడపడుచు ముఖంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో బెదురు లేదు.

“ఎవరితోనూ అనలేదు,” అంది. “రాశాను. మళ్ళీ రాయమన్నా రాస్తాను.”